హుస్నా ఫైలు

పళ్లెం మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డను అన్వరి బేగం మళ్లీ సర్దింది. మొదటిసారి సర్దినప్పుడే అది సరిగ్గా ఉంది.

"మీరే తీస్కపోవాలె," అంది భర్తతో. "దోమకొండల ఆ ఇంట్ల పెట్టి, మా ఆడోళ్లకు మనసొప్పలేదని చెప్పి, మంచినీళ్లు గూడ తాగకుండ తిరిగి రాండ్రి. శుక్రవారం మంగ్నీ లేదు, ఉంగరం తొడుగుడు లేదు, ఏం లేదు."

అజీముద్దీన్ కుర్చీలోంచి కదలలేదు. ఒళ్లో ఫోను, ఫోను మీద అరచెయ్యి.

"తొమ్మిదిన్నరకు దుల్హన్ నంబరొస్తది," అన్నాడు నెమ్మదిగా. "అది చదివిచ్చినంక చూస్త."

"నంబరు! ఇల్లు కూలుతున్నా మీకు ఆ నంబరే గావాలె."

పెద్ద కోడలు మహజబీన్, మామ నోట ఎప్పుడూ దుల్హన్, వంటింటి గడపలో నిలబడి టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది. కామారెడ్డి బస్సుకు ఇంకా పావుగంట ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఒక ప్రశ్న ఆ ఇంట్లో అందరి కాళ్లకూ అడ్డం పడుతోంది. అందరూ దాన్ని దాటుకుంటూ నడుస్తున్నారు. చివరికి ఆమే అడిగింది.

"అమ్మీ, పిల్ల నచ్చింది, ఇల్లు నచ్చింది. పోయిన గురువారం వాళ్లు పళ్లెం తెస్తే కండ్లకద్దుకొని తీస్కున్నరు. వారం తిరగకముందే ఏమైంది?"

"ఏమైందా? పిల్లకు దిమాక్ సరిగ్గ లేదు. అదైంది. మద్నూర్ల వాళ్ల మామ ఇంట్ల ఆర్నెల్లు పడుకోబెట్టి నిద్రమందులు మింగించిండ్రు. మనకేమో కోచింగ్‌కు పోయిందని చెప్పిండ్రు. దుబాయ్ నుంచి సెలవు పెట్టుకొని వచ్చిన నా కొడుక్కు ఆ పిల్లను కట్టబెట్టాల్నా?"

మహజబీన్ చేతిలో మూత ఆగిపోయింది.

మద్నూర్.

ఆ ఆర్నెల్లు ఆ పిల్ల, హుస్నా, హైదరాబాద్‌లో ఉద్యోగ పరీక్షకు కోచింగ్ తీసుకుందనే దోమకొండలో చుట్టపక్కాలందరూ అనుకుంటారు. పక్కింటివాళ్లు కూడా అదే నమ్మారు. మద్నూర్ అన్న మాట ఒకే ఒక్క కాగితం మీద ఉంది. రెండేళ్ల కిందట ఒక డాక్టరు రాసిన ఉత్తరంలో, ప్రస్తుత నివాసం అన్నచోట. ఆ ఉత్తరం విశ్వవిద్యాలయంలో హుస్నా ఫైల్లో ఉంది. ఆ ఫైలు కంప్యూటర్లో తాళం వేసిన అరలో ఉంది.

ఆ తాళం వేసింది మహజబీన్. విద్యార్థుల రికార్డులు ఎవరు చూడొచ్చో, ఎంతవరకు చూడొచ్చో తేల్చే కుర్చీలో ఆమె ఏడేళ్లుగా కూర్చుంటోంది.

"మద్నూర్ అని ఎవరు చెప్పిండ్రు అమ్మీ?"

అన్వరి బేగం నోరు తెరిచి, మూసుకుంది. ఒక్క క్షణమే. ఆ తర్వాత ఆమె చూపు కోడలి మీద కొత్తగా నిలిచింది.

"అంటే నీకు ఎరుకే!"

మహజబీన్ ఆగిన మూతను గట్టిగా బిగించింది.

"ఎప్పటి సంది ఎరుక?"

"రెండేండ్ల సంది."

"యా అల్లా! మొన్న పిల్లను చూడబోతుంటే నా బురఖా గుండీలు నువ్వే పెట్టినవ్ గదనే. నువ్వే అత్తరు రాసినవ్. నోరు మాత్రం తెర్వలే!"

"అది నా మాట కాదు అమ్మీ, చెప్పేతందుకు. ఆ పిల్ల మాట. చెప్తే ఆ పిల్ల చెప్పాలె."

"ఈ ఇంటి కోడలివా నువ్వు, ఆ ఆఫీసు కోడలివా?"

"ఈ ఇంటి కోడల్నే. అందుకే ఈ ఇంట్లనే అడుగుతున్న. ఎవరు చెప్పిండ్రు?"

గోడ అద్దం ముందు పెళ్లికొడుకు, మరిది ఎజాజ్, తల దువ్వుకుంటున్నాడు. దువ్వెన అదే పాపిట మీద మూడోసారి నడిచింది.

"భాభీ, మీ బస్సు పోతది," అన్నాడు అద్దంలోకే చూస్తూ.

ఆమె బస్సు గురించి ఎజాజ్ ఇంతకుముందెప్పుడూ పట్టించుకోలేదు.

మహజబీన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి మామ గొంతు వినబడింది, రోజూ అనే మాటే.

"నేను తయార్ ఉంట దుల్హన్."

కానీ రోజూలాగా తల ఎత్తి అనలేదు.

బస్సు లింగంపేట దాటేదాకా ఆ వంచిన తలే ఆమె కళ్లముందు ఉంది.

అజీముద్దీన్‌కు ఎల్లారెడ్డి బజారులో గడియారాల దుకాణం ఉండేది. కంటికి అద్దం బిగించి, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత మరను చిమటాతో పట్టే మనిషి. కళ్లు మసకబారి దుకాణం మూసేశాక, మూడు నెలలు ఇంట్లో ఒక సామానులా కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే మహజబీన్‌కు ఉద్యోగం వచ్చింది. చేరేరోజు ఇచ్చిన ఫారంలో, ఫోను నంబరు అన్నచోట ఆమె ఆలోచించకుండా మామ నంబరు రాసింది. రేషన్ కార్డు మీద, గ్యాసు పుస్తకం మీద, దోహాలో ఉండే భర్త కాగితాల మీద, ఆ ఇంటి ఏ కాగితం మీదైనా ఉండేది ఆ నంబరే.

మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుంటే, లోపలికి రానివ్వడానికి అది ఆరంకెలు అడిగింది. ఆ ఆరంకెలు ఎల్లారెడ్డిలో మామ ఫోనులో పడ్డాయి. ఆయన ఫోను చేసి ఒక్కొక్కటే చదివాడు.

ఆ రోజే నంబరు మార్చుకోవచ్చు. మార్చుకోవాలనే ఇంటికి వచ్చింది. వచ్చేసరికి మామ గడ్డం దువ్వుకొని, ఉతికిన లాల్చీ వేసుకొని ఉన్నాడు. "రేపు ఎన్ని గంటలకు వస్తది బేటీ?" అని అడిగాడు.

అప్పటినుంచి ఏడేళ్లు. తొమ్మిదీ ఇరవై అయిదుకు ఆయన కంటికి పాత అద్దం బిగించుకొని కూర్చుంటాడు. నంబరు రాగానే చిన్న నోటుబుక్కులో రాస్తాడు. రాసిన తర్వాతే చదువుతాడు. ఫోను మీద నమ్మకం లేదు, తన చేతిరాత మీద ఉంది. పాస్‌వర్డ్ కూడా ఆయన పెట్టిందే. దుకాణం పేరు, పక్కన దుకాణం తెరిచిన ఏడాది. మార్చమని కంప్యూటరు గోల పెట్టినప్పుడల్లా ఆమె చివర ఒక్క అంకె పెంచుతుంది.

"మీ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, కన్నతల్లి అడిగినా చెప్పొద్దు" అని ఆమె ఏటా కొత్త ఉద్యోగులకు పాఠం చెబుతుంది. అందరూ నవ్వుతారు. ఆ పాఠం చెప్పే రోజు ఉదయం కూడా ఆరంకెలు మామే చదివి ఉంటాడు. ఈ రెండు సంగతులూ ఆమె మనసులో పక్కపక్క గదుల్లో ఉండేవి. మధ్య తలుపు తెరిచే అవసరం ఎప్పుడూ రాలేదు. నిజానికి, రాకుండా చూసుకుంది.

కామారెడ్డిలో దిగి, ఆటోలో ఊరి బయటి విశ్వవిద్యాలయం చేరి, కుర్చీలో కూర్చునేసరికి తొమ్మిదిన్నర. కంప్యూటరు ఆరంకెలు అడిగింది. ఫోను మోగింది.

"రాస్కో దుల్హన్. ఏడు. సున్న. రెండు. రెండు. అయిదు. తొమ్మిది."

"రాసుకున్న అబ్బా."

రోజూ అయితే, పని మంచిగ చేయ్ అని పెట్టేస్తాడు. ఈరోజు పెట్టలేదు. అవతల ఆయన ఊపిరి వినబడుతోంది. గడియారం మూత తెరిచి, లోపల ఏం పాడైందో కనబడ్డాక కూడా గిరాకీకి చెప్పడానికి వెనుకాడే మనిషి ఊపిరి.

ఇద్దరూ ఒకేసారి పెట్టేశారు.

ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఎప్పుడు తెరిచారో, ఎంతసేపు తెరిచి ఉంచారో కంప్యూటరు తనంతట తాను రాసుకుంటుంది. దాన్ని చూడగలిగేది కంప్యూటర్ సెక్షన్‌లో అరవింద్ ఒక్కడే. అతని గదిలో చలి, కుర్చీకి ఎప్పుడూ ఒక మఫ్లరు వేలాడుతుంటుంది.

"ఏ ఫైలు అక్కా?"

మహజబీన్ హుస్నా రోల్ నంబరు చెప్పింది. కాగితం చూడకుండా చెప్పింది. ఆ సంగతి ఆమెకే ముందు తెలిసింది.

అరవింద్ తెర మీద వేలు జరుపుతూ ఆగాడు. "తాళం ఏసినంక రెండుసార్లు తెరిచిండ్రు. రెండూ మీ పేరు మీదనే."

"చదువు."

"మొన్న ఆదివారం. పదకొండు ఇరవైకి. నాలుగు నిమిషాలు. ఎల్లారెడ్డి నుంచి, మీ ల్యాప్‌టాపే. ఓటీపీ మీ ఫారంల ఉన్న నంబరుకే పోయింది."

ఆదివారం పదకొండింటికి ఆమె గాంధారిలో ఉంది, అక్క మనవరాలి నామకరణం దగ్గర. ఫలితాల పని ఉందని ఇంటికి తెచ్చుకున్న ల్యాప్‌టాపు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు.

"రెండోది?"

"అది పాతది అక్కా. రెండేండ్ల కింద. మీరే, ఈ ఆఫీసు నుంచే. తొమ్మిది నిమిషాలు."

అరవింద్ దాన్ని దాటేసి ఆదివారం దగ్గరికి వచ్చాడు. ఆమె దాటలేకపోయింది.

ఆ ఉత్తరంలో ఆమెకు కావలసింది రెండు తేదీలు మాత్రమే, సెలవు ఎప్పటినుంచి, ఎప్పటివరకు. అర నిమిషం పని. కానీ ఆమె కళ్లు తేదీల దగ్గర ఆగలేదు. ఈమె తెల్లవార్లూ మేలుకొని ఉంటుంది. ఎవరైనా పలకరిస్తే నవ్వుతుంది. ఆ నవ్వును నమ్మకూడదు, అని డాక్టరు రాశాడు. భర్త దోహా వెళ్లిన మొదటి ఏడాది మహజబీన్ అలాగే మేలుకొని ఉండేది, అలాగే నవ్వేది. తన గురించి ఎవరో చివరికి కాగితం మీద పెట్టినట్టు అనిపించింది. అందుకే మళ్లీ చదివింది. ఆ తర్వాత మూడోసారి చదివింది.

కారణం ఉంది. పని లేదు.

"అక్కా," అన్నాడు అరవింద్ గొంతు తగ్గించి. "ఆదివారంది గూడ మీరే చూసిండ్రనుకోండ్రి. ఆఫీసు పని మీద చూసిన అని ఒక లైను రాసి పడేయండ్రి. అయిపోతది."

"ఎవరన్నా అడిగితే?"

"అడిగే మనిషి మీరే గదా!" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆరు నెలల కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీ పక్కన సతీశ్ నిలబడ్డాడు. పరీక్షల సెక్షన్ గుమాస్తా. పక్కింటి అమ్మాయి మార్కులు చూసి పక్కింటాయనకు చెప్పాడు. "ఒక్కసారే మేడం, అయినోళ్లు అడిగితే కాదనలేకపోయిన" అన్నాడు. పని లేకుండా ఫైలు తెరిస్తే ఆ మనిషి లాగిన్ మూసెయ్యాలి, తెలిసిన రోజే ఆ విద్యార్థికి రాసి ఇవ్వాలి అని నియమం. ఆ నియమం రాసింది మహజబీనే. సతీశ్‌ను డిస్పాచ్ బల్లకు పంపించారు. అప్పటినుంచి అతను ఆమె ముఖం చూడడు.

"అరవింద్, నా లాగిన్ మూసెయ్యి."

అతని చెయ్యి మఫ్లరు మీద ఆగింది. "అక్కా, మజాక్ చేస్తున్నరా? రేపటి సంది మీరేం పని చేస్తరు?"

"రేపటి సంగతి రిజిస్ట్రార్ సారు చెప్తడు. నువ్వు ముయ్యి."

"నా తోని మూసుకోదు. మీరే మూసుకోవాలె. అది గూడ నంబరడుగుతది."

"ఏ నంబరు?"

"అదే అక్కా. ఆరంకెలు."

వరండా చివర, మెట్ల దగ్గర నిలబడి ఆమె ఇంటికి ఫోను చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అబ్బా, ఆదివారం నాకు నంబరు చదివిండ్రా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"నీకు చదవలే," అన్నాడు అజీముద్దీన్. "ఎజాజ్‌కు చదివిన."

ఆమెకు పొద్దున్నే తెలిసిన సంగతే. అయినా చెవితో వినడం వేరు.

"మీ అత్త శనివారం సంది నస పెట్టింది. పిల్ల మంచిదే గానీ ఒక ఏడాది వెనకవడ్డది, ఏందో దర్యాఫ్తు చెయ్యండ్రి అని. ఏముంటది, ఏముండదు, ఫైలు చూస్తే తేలిపోతది, ఈమె నోరు మూతవడ్తది అనుకున్న. మంచే కనవడ్తదనుకున్న దుల్హన్. ఖసమ్, ఒట్టు, మంచే కనవడ్తదనుకున్న. వాడు దుకాణం పేరు కొట్టిండు, ఏడాది కొట్టిండు, ఆఖరి అంకె నాలుగుసార్లు తప్పు కొట్టిండు. నేను నంబరు చదివిన. వాడు లోపలికి పోయిండు."

"నన్నొక్క మాట అడగకపోయిండ్రా?"

"అడిగితే వద్దంటవని ఎరుకే."

ఆ జవాబులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడేళ్లు తలుపు దగ్గర కూర్చోబెట్టింది తను. తలుపు తీశావేం అని ఇప్పుడు అడుగుతోంది.

"అబ్బా, ఇప్పుడు ఇంకో నంబరొస్తది. అది చదవాలె."

"ఇప్పుడా? పొద్దున చదివిన గదా?"

"ఇది వేరే. నా లాగిన్ మూసే నంబరు. ఇది చదివినంక మల్ల రాదు."

అవతల అన్వరి బేగం గొంతు దూరం నుంచి దగ్గరైంది. "ఏమంటున్నది? ఆఫీసుల చెప్తదంటనా? నా కొడుకు పేరు కాయిదమెక్కిందంటే ఈ గడప తొక్కొద్దని చెప్పండ్రి! దోహాకు నేనే ఫోన్ చేస్త, నీ పెండ్లాం గిట్ల చేసిందని..."

"ఊకో," అన్నాడు అజీముద్దీన్. గట్టిగా అనలేదు. కానీ ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోటినుంచి మహజబీన్ ఎన్నడూ వినలేదు. అన్వరి బేగం కూడా విని ఉండదు. ఆమె గొంతు మధ్యలో తెగిపోయింది.

గదిలోంచి అరవింద్ చెయ్యి ఊపాడు. నంబరు పంపించాడు.

"వచ్చింది," అన్నాడు మామ. కంటికి అద్దం బిగిస్తున్న చప్పుడు, నోటుబుక్కు కాగితం తిప్పిన చప్పుడు. రాసుకుంటున్నాడు. "మూడు. ఒకటి. ఎనిమిది. ఎనిమిది. సున్న."

ఆగిపోయాడు.

"అబ్బా, ఇంకొకటుంటది."

"ఉన్నది. చూస్తున్న."

ఆమె తొందర పెట్టలేదు.

"నాలుగు," అన్నాడు చివరికి. "దుల్హన్, కాయిదం మీద నా పేరు గూడ రాయి. నంబరు చదివినోడు అజీముద్దీన్ అని రాయి. వాని ఒక్కని మీద పెట్టకు."

"రాస్త అబ్బా."

"ఈ పళ్లెం ఇక్కడనే ఉన్నది. నేను తీస్కపోలే. తీస్కపోను గూడ."

మహజబీన్ గదిలోకి వచ్చి ఆరంకెలు కొట్టింది. తెర మీద ఆమె పేరు బూడిదరంగుకు తిరిగింది.

రిజిస్ట్రార్‌కు ఒక ఉత్తరం, హుస్నాకు ఒక ఉత్తరం. రెండూ ఆమే రాసింది. చేతిరాతతో రాసింది, ఇక కంప్యూటరు లేదు కాబట్టి. ఆదివారం నాలుగు నిమిషాలు, చూసింది ఎజాజ్, నంబరు చదివింది అజీముద్దీన్, ఆ నంబరు ఏడేళ్లుగా ఆ ఫోనుకు వెళ్లేలా వదిలింది నేను. ఇక్కడికి ఉత్తరం అయిపోయింది. సంతకం పెట్టడానికి కలం కిందికి జరిపింది.

రెండేళ్ల కిందటి తొమ్మిది నిమిషాల సంగతి ఎవరూ అడగలేదు. అరవింద్ దాటేశాడు. రిజిస్ట్రార్‌కు ఆ వరస చూసే తీరిక ఉండదు. ఆ కుర్చీలో ఉన్న మనిషి ఆ ఫైలు తెరవడం తప్పు కాదు, ఎంతసేపు తెరవాలని ఎక్కడా రాసి లేదు. తనను కాపాడే మాటలు ఎంత వేగంగా, ఎంత వరసగా వస్తున్నాయో ఆమె చూసింది. సతీశ్‌కు కూడా ఇలాగే వచ్చి ఉంటాయి.

సంతకానికి వదిలిన చోట ఇంకో వాక్యం రాసింది. సంతకం కాగితం అంచుకు పోయింది.

డిస్పాచ్ బల్ల మెట్ల కింద ఉంటుంది. బంక డబ్బా, ముద్రలు, నీలం అట్ట రిజిస్టరు. బయటికి వెళ్లే ఏ ఉత్తరానికైనా అక్కడ నంబరు పడాలి. నంబరు పడకపోతే అది ఉత్తరం కాదు, కాగితం.

సతీశ్ తల ఎత్తకుండా చెయ్యి చాపాడు. "సబ్జెక్టు?"

ఆమె హుస్నాకు రాసిన ఉత్తరం ఇచ్చింది. రిజిస్టరులో ఎక్కించాలంటే అతను చదవక తప్పదు. అనుమతి లేకుండా విద్యార్థి రికార్డు చూసిన విషయం, అన్న వరస దగ్గర అతని కలం ఆగింది.

"నాది గూడ గిదే సబ్జెక్టుండె మేడం."

"అవును."

"మీరే రాసిండ్రు. మాట మార్చకుండ మల్ల గదే రాసుకున్నరు."

"వేరే మాట దొరకలే సతీశ్."

అతను కిందిదాకా చదివాడు. మళ్లీ పైకి వచ్చి చదివాడు.

"నాకు మూడు రోజులు అన్నం దిగలే," అన్నాడు.

"తెలుసు."

"తెల్వదు మేడం. రేపటి సంది తెలుస్తది." అంటూ ముద్రను ప్యాడుకు అదిమి, గాలిలో ఆపాడు. "ఈ తొమ్మిది నిమిషాలది ఎవరు పట్టిండ్రు?"

"ఎవరూ పట్టలే."

ఆరు నెలల తర్వాత సతీశ్ మొదటిసారి ఆమె ముఖం చూశాడు. ముద్ర వేశాడు. రిజిస్టరులో నంబరు రాసి, ఉత్తరం మడిచి, అడగకుండానే ఒక కవరులో పెట్టి ఇచ్చాడు. బంక మాత్రం వెయ్యలేదు.

"అతికియ్యను మేడం. మీరే చేతికిస్తరు గదా. చూస్తుండంగనే చదవనియ్యండ్రి."

హుస్నా కెమిస్ట్రీ ల్యాబులోంచి తెల్లకోటుతోనే బయటికి వచ్చింది. మోచేతి దగ్గర పసుప్పచ్చ మరక. పెళ్లిచూపుల్లో చూసినప్పటికంటే చిన్నపిల్లలా ఉంది.

"ఆపా! మీరేంది ఇక్కడ? శుక్రవారానికి మా అమ్మ మీకు ఏ రంగు గాజులో అడుగుమన్నది..."

మహజబీన్ కవరు ఇచ్చింది. మాటలతో ముందు మెత్తబరచాలనిపించింది. మెత్తబరచడం ఎవరి కోసమో తెలిసి ఊరుకుంది.

హుస్నా నిలబడే చదివింది. వరండాలో పిల్లలు రికార్డు పుస్తకాలు పట్టుకొని పోతున్నారు. ఒకమ్మాయి పలకరిస్తే హుస్నా నవ్వింది. ఆ నవ్వు మహజబీన్‌కు తెలుసు.

"ఎజాజ్ చూసిండా?"

"చూసిండు."

"నాలుగు నిమిషాలు." హుస్నా లెక్కలా అంది. "ఇప్పుడు మీ ఇంట్ల ఏమంటున్రు?"

"అమ్మీ వద్దంటున్నది. అబ్బా పళ్లెం ఇంట్లనే పట్టుకొని కూసున్నడు. ఎజాజ్ ఏమన్లే."

"ఏమన్లే అంటే అన్నట్టే." కాగితం కిందికి జరిపింది. వేలు చివరి వాక్యం దగ్గర ఆగింది. "ఈ తొమ్మిది నిమిషాలు ఎవరివి?"

"నావి."

"అది మీ పని గదా ఆపా."

"పని అర నిమిషమే. మిగతాది చదివిన. మూడుసార్లు."

హుస్నా తిట్టలేదు, ఏడవలేదు. పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుంది, ఉత్తరం మోకాళ్ల మీద పెట్టుకొని. మహజబీన్ నిలబడే ఉంది. ఏ మాట పడినా నిలబడే పడాలని వచ్చింది.

"ఆ దినం కవరు అతికిచ్చి డాక్టరు మా మామ చేతికిచ్చిండు," అంది హుస్నా. "మామ అది ఇప్పి చదివి, తీస్కొచ్చి మీ ఆఫీసుల ఇచ్చిండు. నేను బయట కూసున్న, గిట్లాంటి బల్ల మీదనే. ఏం రాసిండు మామా అంటే, నీకెందుకు బేటీ, మంచే రాసిండు అన్నడు. మా అమ్మ గూడ అడుగుతే గంతే."

"హుస్నా..."

"మామ చదివిండు. మీరు చదివిండ్రు. ఎజాజ్ చదివిండు, చదివి మీ అమ్మీకి వినిపిచ్చిండు. అందరు చదివిండ్రు ఆపా. నేనొక్కదాన్నే చదవలే." తల ఎత్తింది. "ఇప్పుడు నాకు చూపిస్తరా?"

నియమం ఉంది. తన ఫైలు తను చూడాలంటే విద్యార్థి అర్జీ పెట్టాలి. ఆ అర్జీ మంజూరు చేయాల్సింది మహజబీన్ కుర్చీ. ఆ కుర్చీలో మధ్యాహ్నం నుంచి ఎవరూ లేరు.

"నా దగ్గర తాళం లేదు హుస్నా. మధ్యాహ్నం నేనే మూసుకున్న."

"తాళం లేకుంటేమాయె?" హుస్నా బల్ల మీద పక్కకు జరిగి చోటు చూపించింది. "మూడుసార్లు చదివిన అంటున్నరు గదా. మీకు యాదికున్నది. కూసోండ్రి. మొదటి సంది చెప్పుండ్రి."